ఆవ, క్యాబేజీ కుటుంబపు మొక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మొక్కల్ని పెంచేవాళ్ళకు వచ్చే సందేహాలు ప్రతి పంటకాలంలోనూ ఇంచుమించు అవే. ఆకు జల్లెడైపోతోంది, పువ్వు గుండీ సైజు దాటడం లేదు, ముల్లంగి ఊరడం లేదు. అందుకే వాటిని దశలవారీగా ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన చోటి నుంచే చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి: ఈ మొక్కల ఎదుగుదల మధ్యలో ఆగకూడదు. నీరు చాలకో, నారు ముదిరో, ఎరువు అందకో ఒక్కసారి నిలిచిపోతే ఆ నష్టం తర్వాత ఎంత చేసినా పూర్తిగా పూడదు.

## కుటుంబం గురించి

ఆవాలకీ క్యాబేజీకీ ఏం సంబంధం? చూడ్డానికి ఎక్కడా పోలిక లేదే?

ఆకుల్లో పోలిక వెతికితే దొరకదు, పూత దగ్గర చూడాలి. ఆవ, ముల్లంగి, పూతకొచ్చిన క్యాబేజీ, ఈ మూడింటి పువ్వుల్నీ పక్కపక్కన పెట్టండి. అన్నిటికీ నాలుగే రేకులు, ఎదురెదురుగా, శిలువ ఆకారంలో ఉంటాయి. లోపల కేసరాలు ఆరు: నాలుగు పొడుగు, రెండు పొట్టి. కాయను చీలిస్తే మధ్యలో కాగితంలాంటి పల్చని పొర, దానికి రెండు వైపులా గింజలు కనిపిస్తాయి. ఈ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు బ్రాసికేసీ అంటారు, పాత పుస్తకాల్లో క్రూసిఫెరే అని ఉంటుంది. నలిపితే వచ్చే ఘాటు కూడా ఈ కుటుంబపు ఆనవాలే.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ నిజంగా ఒకే మొక్కా?

అవును. బ్రాసికా ఒలరేసియా అనే ఒకే జాతి. అడవి మొక్క నుంచి మనుషులు తరతరాలుగా ఒక్కో భాగాన్ని ఎంచుకుంటూ పోయారు. కొన మొగ్గ పెద్దదైతే క్యాబేజీ, కాండం ఉబ్బితే నూల్‌కోల్, పూమొగ్గల గుత్తి అయితే బ్రోకలీ, మొగ్గ కూడా కాని లేత పూకొనలు ముద్దకడితే కాలీఫ్లవర్. ఆకు కోసమే పెంచితే కేల్. కాండం పొడవునా ఆకు పంగల్లో చిట్టి క్యాబేజీలు కాస్తే బ్రసెల్స్ స్ప్రౌట్స్. ఒకే జాతి కాబట్టి పూతకొస్తే ఇవన్నీ ఒకదానితో ఒకటి సంకరమవుతాయి. విత్తనం దాచుకోవాలనుకునేవాళ్ళు దీన్ని మరవకూడదు.

నల్లావాలు, గోధుమరంగు ఆవాలు, తెల్లావాలు ఒకే మొక్క గింజలేనా?

కాదు, మూడు వేర్వేరు జాతులు. నల్లావాలు బ్రాసికా నైగ్రా, గోధుమరంగువి బ్రాసికా జున్షియా, తెల్లావాలు సైనాపిస్ ఆల్బా. మధ్యదాని పుట్టుక ఆసక్తికరమైనది. నల్లావ (8 జతల క్రోమోజోములు), టర్నిప్ జాతి (10 జతలు) సహజంగా కలిసి, రెండింటి క్రోమోజోములూ నిలిచిపోవడంతో 18 జతలున్న జున్షియా వచ్చింది. క్యాబేజీ జాతి (9 జతలు), టర్నిప్ జాతి కలిసి నూనెగింజల రేప్ (19 జతలు), నల్లావ, క్యాబేజీ జాతి కలిసి ఇథియోపియా ఆవ (17 జతలు) ఏర్పడ్డాయి. ఈ మూడుకోణాల చుట్టరికాన్ని 1935లో నగహారు ఊ అనే శాస్త్రవేత్త వివరించాడు. అందుకే దాన్ని 'ఊ త్రిభుజం' అంటారు.

పాలకూర, లెట్యూస్, మునగ కూడా ఈ కుటుంబమేనా?

పాలకూర, లెట్యూస్ కావు. లెట్యూస్ పొద్దుతిరుగుడు కుటుంబానిది. మునగ, బొప్పాయి మాత్రం దూరపు చుట్టాలు. కుటుంబాలు వేరైనా ఒకే వర్గానివి, వాటిలోనూ ఇదే తరహా ఘాటు పదార్థాలుంటాయి. పచ్చి మునగవేరు, బొప్పాయి గింజ నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. వామింట అంతకంటే దగ్గరి చుట్టం. ఇక నిజంగా ఈ కుటుంబంలో ఉన్నవి ముల్లంగి, టర్నిప్, పాక్ చోయ్, చైనా క్యాబేజీ, రాకెట్ ఆకు, హలీం గింజల మొక్క, వసాబి, పూలమొక్కల్లో అలిస్సమ్, కాండీటఫ్ట్. జన్యుక్రమం మొత్తం చదివిన మొట్టమొదటి మొక్క అరబిడాప్సిస్ కూడా దీనిదే, అది 2000లో పూర్తయింది.

## విత్తనం, నారు

నారు పోసి నాటాలా, నేరుగా విత్తాలా?

వేరు తినేవి నేరుగా విత్తాలి. ముల్లంగి, టర్నిప్ తల్లివేరు పీకి నాటితే వంకర తిరుగుతుంది, లేదా రెండుగా చీలుతుంది. ఆవాలు, ఆవకూర, రాకెట్ కూడా నేరుగానే మేలు. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్ నారు పోసి నాటండి. చైనా క్యాబేజీ నారు పోయవచ్చు కానీ వేరు కదిలితే అలుగుతుంది, ట్రేలో పెంచి మట్టిగడ్డతో సహా నాటాలి.

ఎంత లోతులో విత్తాలి? ఎన్నాళ్ళకు మొలుస్తుంది?

ఒక సెంటీమీటరు లోతు, మహా అయితే ఒకటిన్నర. నేల 18 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మూడు నుంచి ఏడు రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. పది రోజులు దాటినా రాకపోతే విత్తనం పాతబడింది, లేదా పైమట్టి అట్టకట్టింది. మొలక వచ్చేదాకా చిన్న రంధ్రాల క్యాన్‌తో పలచగా తడపండి, ధారగా పోస్తే గింజలు ఒకచోటికి కొట్టుకుపోతాయి. పొడిగా, చల్లగా దాచిన విత్తనం నాలుగైదేళ్ళ వరకూ బాగానే మొలుస్తుంది.

నారు సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతోంది. ఎందుకు?

వెలుతురు చాలడం లేదు. మొలక పైకి రాగానే ఎండ తగిలే చోటికి మార్చాలి, కిటికీ వెలుతురు సరిపోదు. ఒత్తుగా పోసినా ఇలాగే సాగుతుంది. సాగిపోయిన నారును పారేయనక్కర్లేదు, నాటేటప్పుడు బీజదళాల వరకు మట్టిలోకి దించండి. కొన మొగ్గ మాత్రం మట్టిలో కూరుకుపోకూడదు.

మొలకలు నేల దగ్గర నల్లబడి, నొక్కుకుపోయి పడిపోతున్నాయి. ఏమిటది?

నారుకుళ్ళు. నేలలోని శిలీంధ్రాలు చేసే పని. నారుమడి ఎప్పుడూ తడిగా ఉండి గాలి ఆడకపోతే విజృంభిస్తుంది. ఒకసారి పడిపోయిన మొలక లేవదు, చుట్టుపక్కల వాటిని కాపాడుకోవాలి. పడిన మొలకల్ని వాటి చుట్టూ మట్టితో సహా తీసేయండి. రెండు రోజులు నీళ్ళు ఆపి, తర్వాత ఉదయం పూట మాత్రమే తడపండి. మళ్ళీ పోసేటప్పుడు ఎత్తు మడి చేసి, వరుసల మధ్య 5 సెంటీమీటర్లు వదిలి, కిలో విత్తనానికి 4 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా (మేలుచేసే శిలీంధ్రం) పొడి పట్టించండి.

విత్తనాన్ని వేడినీళ్ళలో నానబెట్టమంటారు. ఎలా, ఎందుకు?

నల్లకుళ్ళు బ్యాక్టీరియా విత్తనం లోపల దాగి వస్తుంది, పైన మందు పట్టిస్తే అది చావదు. పద్ధతి ఇది: విత్తనాన్ని పల్చని గుడ్డలో వదులుగా మూటకట్టి, ముందు 37 డిగ్రీల నీటిలో పది నిమిషాలు ఉంచండి. తర్వాత సరిగ్గా 50 డిగ్రీల నీటిలోకి మార్చండి. క్యాబేజీకి 25 నిమిషాలు, కాలీఫ్లవర్, బ్రోకలీ, నూల్‌కోల్‌కు 20, ఆవ, ముల్లంగికి 15. వెంటనే చన్నీళ్ళలో ముంచి, నీడలో పలచగా ఆరబోయాలి. థర్మామీటరు లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. రెండు మూడు డిగ్రీలు పెరిగితే మొలక శక్తి పోతుంది, తగ్గితే బ్యాక్టీరియా బతుకుతుంది. పాత విత్తనం, మందు పట్టించిన విత్తనం, పైపూత ఉన్న విత్తనం దీనికి పనికిరావు. బ్యాక్టీరియా లేదని పరీక్షించి అమ్మిన ప్యాకెట్ అయితే అసలు అవసరమే లేదు.

## నాటడం, నేల, ఎరువు

నారు ఏ వయసులో నాటాలి? ఎంత ఎడం పెట్టాలి?

నాలుగైదు వారాల వయసు, నాలుగు నుంచి ఆరు ఆకులు, లేత కాండం. ఆరు వారాలు దాటి కాండం గట్టిపడిన నారు చవకగా వచ్చినా తీసుకోవద్దు, ముఖ్యంగా కాలీఫ్లవర్‌కి. క్యాబేజీ చిన్న రకాలకు 45 × 45, పెద్ద రకాలకూ కాలీఫ్లవర్‌కూ 60 × 45 సెంటీమీటర్లు. నూల్‌కోల్‌కు మొక్కల మధ్య 20 చాలు. ముల్లంగి పలచన చేశాక 5 నుంచి 8, గింజ కోసం ఆవ అయితే వరుసల మధ్య 30, మొక్కల మధ్య 10. సాయంత్రం నాటి, వెంటనే నీళ్ళు కట్టండి.

కుండీలో క్యాబేజీ వస్తుందా?

వస్తుంది. మొక్కకు 12 నుంచి 15 లీటర్ల కుండీ, కనీసం 30 సెంటీమీటర్ల లోతు, రోజుకు ఆరు గంటల ఎండ. ఒక కుండీలో రెండు నాటితే రెండూ చిన్నవే అవుతాయి. కుండీ మొదలుపెట్టేవాళ్ళకు క్యాబేజీ కంటే నూల్‌కోల్, ఆవకూర, పాక్ చోయ్ తేలిక.

ఎరువు ఎంత వేయాలి?

ఇవి బాగా తినే మొక్కలు. నాటడానికి రెండు మూడు వారాల ముందు చదరపు మీటరుకు రెండు నుంచి రెండున్నర కిలోల బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. నత్రజని మొత్తం చదరపు మీటరుకు 12 నుంచి 15 గ్రాములు కావాలి. యూరియాగా అయితే 26 నుంచి 32 గ్రాములు. అందులో సగం నాటేటప్పుడు, మిగతాది రెండు భాగాలుగా చేసి 30 రోజులకు, 45 రోజులకు మొక్క మొదలుకు కాస్త దూరంగా వేసి మట్టి ఎగదోయండి. గడ్డ గట్టిపడ్డాక నత్రజని వేయడం వృథాయే కాదు, క్యాబేజీ పగలడానికి అదొక కారణం కూడా. ముల్లంగికి ఈ మోతాదులో సగం చాలు. ఈ కుటుంబానికి గంధకం కూడా బాగా కావాలి, ఘాటుకు మూలమైన పదార్థాలన్నిటిలోనూ అది ఉంటుంది. నేలలో గంధకం తక్కువైతే లేత ఆకులు ముందు పాలిపోతాయి. నత్రజని తక్కువైతే ముదురాకులు ముందు పాలిపోతాయి. రెండింటినీ అలా గుర్తుపట్టవచ్చు.

మైకోరైజా పొడి వేస్తే మంచిదంటున్నారు, నిజమేనా?

ఈ మొక్కలకు వద్దు. చాలా మొక్కల వేర్లు ఆ మేలుచేసే శిలీంధ్రంతో జత కడతాయి కానీ, ఈ కుటుంబం సాధారణంగా కట్టదు. టమాటాకీ బెండకీ పనికొచ్చే డబ్బా ఇక్కడ పని చేయదు. ఆ ఖర్చు కంపోస్టు మీద పెట్టండి.

పోయినసారి క్యాబేజీ వేసిన చోటే ఈసారి ముల్లంగి వేయొచ్చా?

వేయకపోవడమే మంచిది. పంట పేరు మారినా కుటుంబం మారలేదు కాబట్టి నేలలో మిగిలిన తెగుళ్ళకు అది పంట కొనసాగినట్టే. అదే మడిలో మళ్ళీ ఈ కుటుంబం వేయడానికి మూడు నాలుగేళ్ళు ఆగండి. మధ్యలో చిక్కుళ్ళు, ఉల్లి, మొక్కజొన్న, దోస జాతి వేసుకోవచ్చు. గట్ల మీద పెరిగే అడవి ఆవ లాంటి కలుపును కూడా వదలొద్దు, పంట లేని కాలంలో తెగుళ్ళను అదే మోస్తుంది.

ఆవ మొక్కల్ని నేలలో కలియదున్నితే తెగుళ్ళు పోతాయా?

కొంతవరకు. పూత దశలో ఆవను వీలైనంత చిన్నగా నరికి, కొన్ని గంటల్లోనే నేలలో కలిపి, బాగా తడిపి, ప్లాస్టిక్ షీటు కప్పి రెండు మూడు వారాలు ఉంచితే, వెలువడే ఘాటు వాయువులు కొన్ని శిలీంధ్రాలనూ నులిపురుగులనూ తగ్గిస్తాయి. నరికి రెండు రోజులు ఎండబెట్టి కలిపితే ఆ గుణం పోతుంది, పచ్చిరొట్టగా మాత్రమే మిగులుతుంది. కప్పు తీశాక మరో రెండు వారాలు ఆగి విత్తాలి, లేకపోతే మీ విత్తనమే మొలవదు. వేరుగడ్డ తెగులు ఉన్న నేలలో మాత్రం ఈ పని చేయకూడదు, ఆవకూ ఆ తెగులు సోకుతుంది.

## ఎదిగే దశలో

క్యాబేజీ ఆకుల మీద తెల్లటి పొడి ఉంది. బూడిద తెగులా?

ఆకంతా సమానంగా, నీలిఛాయతో ఉంటే తెగులు కాదు, అది మొక్క తనే పూసుకునే మైనం. దాని మీద నీటిబొట్టు పూసలా దొర్లిపోతుంది. వేలితో రుద్దితే కింద నున్నటి ఆకుపచ్చ కనిపిస్తుంది. బూడిద తెగులు మచ్చలు మచ్చలుగా మొదలై, కింద ఆకు పసుపెక్కుతుంది. ఈ మైనం వల్లే పిచికారీ మందు ఆకు మీద నిలవదు. ఏది చల్లినా లీటరుకు అర మిల్లీలీటరు జిగురు ద్రావణం కలపాలి.

కాలీఫ్లవర్ పువ్వు గుండీ అంత వచ్చి ఆగిపోయింది. ఇక పెరగదా?

పెరగదు. పువ్వు మొదలైందంటే ఆకులు పెరగడం ఆగిపోయినట్టే. ఉన్న ఆకులు ఎంత తిండి తయారు చేస్తే పువ్వు అంతే. మొక్కకు తగినన్ని ఆకులు రాకముందే పువ్వు వచ్చిందంటే కారణాలు మూడిట్లో ఒకటి: నారు ముదిరిపోయింది, నాటిన మొదటి నెలలో నత్రజనో నీరో చాలలేదు, లేదా రకం కాలానికి తగినది కాదు. మూడోది జనం ఎక్కువగా పొరపడే చోటు. వేడికాలపు రకాలు 20 నుంచి 27 డిగ్రీల మధ్య పువ్వు కడతాయి, చలికాలపు రకాలు 10 నుంచి 16 డిగ్రీల మధ్య. వేడికాలపు రకాన్ని చలిలో నాటితే చిన్న మొక్కకే గుండీ వస్తుంది. చలికాలపు రకాన్ని వేడిలో నాటితే ఆకులే వస్తాయి తప్ప పువ్వు రాదు. ప్యాకెట్ మీద ఏ కాలపు రకమో చూడకుండా విత్తనం కొనవద్దు.

పువ్వు పసుపుగా మారింది, ఊదా మచ్చలొచ్చాయి, పైన నూగు వచ్చింది. తినొచ్చా?

మూడూ తినొచ్చు. పసుపుదనం ఎండ వల్ల వస్తుంది. పువ్వు కోడిగుడ్డంత ఉన్నప్పుడే చుట్టూ ఆకుల్ని పైకి మడిచి దారంతో వదులుగా కడితే తెల్లగా ఉంటుంది. ఊదా ఛాయ ఎండా చలీ కలిసి తెచ్చే రంగు. బియ్యపు గింజల్లాంటి నూగు వచ్చిందంటే ఉష్ణోగ్రత బాగా మారుతోంది, లేదా కోత ఆలస్యమైంది. పువ్వు మధ్యలో నుంచి చిన్న ఆకులు పొడుచుకొచ్చాయంటే వేడి ఎక్కువైంది.

కొత్త ఆకులు కొరడాలా సన్నగా వస్తున్నాయి. ఇంకో మొక్కకు కాండం లోపల బోలుగా, గోధుమరంగుగా ఉంది.

రెండు వేర్వేరు లోపాలు. ఆకు అంచు లేకుండా నడిమి ఈనె మాత్రమే తోకలా మిగిలితే మాలిబ్డినం లోపం. ఆమ్ల నేలల్లో వస్తుంది, ముందు సున్నం వేసి పీహెచ్ 6.5 దాటించడమే అసలు మందు. తక్షణం లీటరుకు అర గ్రాము సోడియం మాలిబ్డేట్ పిచికారీ చేయవచ్చు. కాండం బోలైపోయి, పువ్వు మీద గోధుమరంగు నీటి మచ్చలు వస్తే బోరాన్ లోపం. నాటేముందు చదరపు మీటరుకు ఒకటి నుంచి ఒకటిన్నర గ్రాముల బోరాక్స్ మట్టిలో కలపాలి. బోరాన్ చెంచాలతో కొలిచేది కాదు, మోతాదు రెండింతలైతే అదే విషమవుతుంది. చక్కగా తూచి, పొడి ఇసుకలో కలిపి చల్లండి. గోధుమరంగు లేకుండా కాండం బోలుగా మాత్రమే ఉంటే నత్రజని ఎక్కువై మొక్క అతివేగంగా పెరిగిందని అర్థం.

క్యాబేజీ గడ్డ కట్టింది కానీ పగిలిపోతోంది.

గడ్డ ముదిరాక ఒక్కసారిగా నీళ్ళు అందితే లోపలి ఆకులు పెరిగి పై ఆకుల్ని చీలుస్తాయి. ఎండగట్టి తర్వాత ముంచెత్తడం కంటే వారానికి 25 మిల్లీమీటర్ల వానకు సరిపడా నీళ్ళు నిలకడగా ఇవ్వండి. గడ్డ గట్టిపడినా కోయడానికి వీల్లేకపోతే, మొక్కను రెండు చేతులా పట్టి పావు వంతు తిప్పండి. కొన్ని వేర్లు తెగి నీరు లాగడం తగ్గుతుంది.

క్యాబేజీ అసలు గడ్డే కట్టడం లేదు.

30 డిగ్రీలు దాటే వేడి, నీడ, లేదా కొన మొగ్గ పోవడం. మధ్యలోకి చూడండి. మొగ్గ ఉండాల్సిన చోట ఖాళీగా ఉండి ఆకులు మందంగా, ముదురుగా ఉంటే పురుగు మొగ్గను తినేసింది. ఆ మొక్కను పీకేయండి.

ముల్లంగి ఆకు ఏపుగా ఉంది, కింద గడ్డ లేదు.

ఒత్తుగా ఉంది. మొలిచిన పది రోజుల్లో పలచన చేయకపోతే ఆకే పెరుగుతుంది. నత్రజని ఎక్కువైనా, నీడ పడినా ఇదే ఫలితం. గడ్డ రెండు కాళ్ళుగా చీలితే మట్టిలో రాళ్ళో పచ్చి పేడో ఉంది. లోపల దూదిలా బెండుబారితే కోత ఆలస్యమైంది. ఘాటు భరించలేనంత ఉంటే నీరు తగ్గింది, వేడి పెరిగింది.

## పురుగులు, తెగుళ్ళు

ఆకుల నిండా చిన్న చిన్న కిటికీల్లాంటి చిల్లులు. పురుగేమో కనిపించదు.

ఆకును తిప్పి చూడండి. సెంటీమీటరు కూడా లేని లేతాకుపచ్చ పురుగు, రెండు కొసలా సన్నగా ఉంటుంది. తాకితే వెనక్కి గిలగిలలాడుతూ సన్నని దారానికి వేలాడుతుంది. అదే డైమండ్ రెక్కల పురుగు. పిల్లపురుగు ఆకు అడుగు గీకి తిని పై పొరను మాత్రం అద్దంలా వదిలేస్తుంది. ఈనెల పక్కన వలలాంటి తెల్లని గూడులో కోశస్థ దశ గడుపుతుంది. వేడి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా రెండు మూడు వారాలే. ఇన్ని తరాలు వేగంగా పుడతాయి కాబట్టి దీనికి చాలా మందులు పని చేయకుండా పోయాయి. పొలంలో బీటీ మందుకు (పురుగుల్ని చంపే ఒక బ్యాక్టీరియాతో చేసినది) కూడా నిరోధకత పెంచుకున్న మొదటి పురుగు ఇదే.

అందుకే ఒకే మందు పట్టుకుని కూర్చోవద్దు. చిన్న మడి అయితే నాటిన రోజే రంధ్రాలు ఒక మిల్లీమీటరు మించని వల కప్పండి. గింజ కోసం కాకపోతే ఈ పంటలకు తేనెటీగలు అక్కర్లేదు, వల కోత దాకా ఉంచవచ్చు. పెద్ద మడిలో ప్రతి 25 క్యాబేజీ వరుసలకు రెండు వరుసల ఆవ ఎర పంటగా వేస్తారు. ఒకటి క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకు విత్తుతారు. తల్లి పురుగు ఆవ మీద గుడ్లు పెడుతుంది, మందు ఆ వరుసల మీదే కొట్టాలి. బీటీ పొడి లీటరుకు ఒకటి రెండు గ్రాములు జిగురుతో కలిపి, ఎండ తగ్గాక, ఆకు అడుగు తడిసేలా చల్లండి. పురుగు తినడం కొన్ని గంటల్లో మానేస్తుంది, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడే చావలేదని మళ్ళీ కొట్టకండి.

ఆవకూరను నల్లటి గొంగళి లాంటిది తినేస్తోంది. బీటీ కొట్టినా చావడం లేదు.

అది సీతాకోకచిలుక పిల్ల కాదు, సాఫ్లై అనే తేనెటీగల వర్గపు పురుగు పిల్ల. చావకపోవడానికి కారణం అదే, ఆ రకం బీటీ సీతాకోకచిలుకల, రెక్కల పురుగుల పిల్లల మీదే పని చేస్తుంది. గుర్తు చూడండి: పొట్ట కింద మెత్తటి కాళ్ళు గొంగళికి అయిదు జతలకు మించవు, దీనికి ఎనిమిది. ముట్టుకుంటే ముడుచుకుని కింద పడిపోతుంది. ఉదయం, సాయంత్రం ఆకు మీదకు వస్తుంది. అప్పుడే కింద పళ్ళెం పెట్టి మొక్కను తడితే రాలుతుంది, సబ్బునీళ్ళలో వేయండి. ఎక్కువగా ఉంటే 5 శాతం వేపగింజల కషాయం చల్లండి.

పేనుబంక ఎంత కడిగినా మళ్ళీ వస్తోంది.

లేత కొనల్లో, పూకాడల మీద గుంపుగా ఉంటుంది. ముందు నీళ్ళ ధారతో కొట్టి, వెంటనే లీటరుకు 5 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు లేదా వేపనూనె కలిపిన నీళ్ళు చల్లండి. ఐదు రోజులకు మళ్ళీ చల్లాలి. చీమలు ఎక్కకుండా చూడండి, తియ్యని జిగురు కోసం అవే పేనుబంకను కాస్తాయి. ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి కదలకుండా ఉన్న పేలు కనిపిస్తే సంతోషించండి. వాటిలో పరాన్నజీవి కందిరీగ పెరుగుతోంది, ఆ ఆకును తుంచవద్దు.

మొలకల ఆకులకు గుండుసూదితో పొడిచినట్టు రంధ్రాలు.

గంతులేసే చిన్న పెంకుపురుగులు. రెండు ఆకుల మొలకకే ప్రమాదం, నాలుగైదు ఆకులు దాటితే మొక్క తట్టుకుంటుంది. నేలను తడిగా ఉంచండి, వాటికి ఎండిన నేలే ఇష్టం.

ఆకు అంచున పసుపు మచ్చ, ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో. ఏమిటది?

నల్లకుళ్ళు. ఆకు అంచు నుంచి ఈనె వైపు కోణంగా లోపలికి పాకుతుంది. ఆ మచ్చలోని ఈనెల్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే నల్లగా వలలా కనిపిస్తాయి. కాండాన్ని అడ్డంగా కోస్తే నల్లని వలయం కనబడుతుంది. 25 నుంచి 30 డిగ్రీల వేడి, ఆకు మీద తడి దీనికి కావలసిన వాతావరణం. సోకిన మొక్కకు చికిత్స లేదు. వేరుతో సహా తీసి కాల్చండి లేదా లోతుగా పూడ్చండి, కంపోస్టులో వేయకండి. మిగిలిన మొక్కలకు పైనుంచి నీళ్ళు చల్లడం మానండి, ఆకులు తడిగా ఉన్నప్పుడు మడిలో తిరగకండి.

మొక్క పగలు వాడి, రాత్రి తేరుకుంటోంది. నీళ్ళు ఉన్నాయి కదా?

పీకి వేరు చూడండి. వేర్లు లావుగా, కండెల్లా, ముడులుగా ఉబ్బి ఉంటే వేరుగడ్డ తెగులు. చిన్న చిన్న పూసల్లాంటి బుడిపెలు అయితే నులిపురుగు. వేరుగడ్డ తెగులు నేలలో పదిహేనేళ్ళకు పైగా బతుకుతుంది. అందుకే ఆ మడి మట్టి చెప్పులకూ పనిముట్లకూ అంటుకుని వేరే మడికి పోకుండా చూడటం ముఖ్యం. సున్నం వేసి పీహెచ్ 7.2కు పెంచి, నీరు నిలవకుండా చేస్తే ఉధృతి తగ్గుతుంది, పోదు.

ఆవ పూగుత్తి వాచి మెలితిరిగింది, కాయ పట్టలేదు.

తెల్ల తుప్పు. ఆకు అడుగున సున్నపు బొట్లలాంటి పొక్కులు ముందు వస్తాయి. అప్పుడే ఆ ఆకుల్ని తీసేస్తే పూతకు ఎక్కదు. వాచిన గుత్తుల్ని పగలకముందే కోసి పూడ్చండి.

## కోత, నిల్వ, విత్తనం

ఎప్పుడు కోయాలి?

క్యాబేజీని అరచేత్తో నొక్కితే గట్టిగా ఉండాలి. బ్రోకలీ మొగ్గలు బిగుతుగా ఉండగానే, ఒక్క పసుపు రేక కనిపించకముందే, 10 నుంచి 15 సెంటీమీటర్ల కాడతో ఏటవాలుగా కోయండి. మొక్కను ఉంచితే పక్క పిలకలు వస్తాయి. నూల్‌కోల్ 5 నుంచి 7 సెంటీమీటర్లున్నప్పుడు, దాటితే నార కడుతుంది. గింజ ఆవను ముప్పావు వంతు కాయలు పసుపెక్కగానే, మంచు తడి ఉన్న తెల్లవారుజామున కోయాలి. ఎండలో కోస్తే కాయలు చిట్లి గింజ రాలిపోతుంది.

ఫ్రిజ్‌లో పెట్టినా బ్రోకలీ పసుపెక్కుతోంది.

పక్కన మాగిన ఆపిలో అరటో ఉందేమో చూడండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పచ్చదనాన్ని చంపుతుంది. విడిగా, చిల్లులున్న సంచిలో, కడగకుండా పెట్టండి.

క్యాబేజీ విత్తనం మన దగ్గరే ఎందుకు కట్టించుకోలేం?

క్యాబేజీ రెండేళ్ళ మొక్క. కాండం పెన్సిలంత లావయ్యాక 4 నుంచి 10 డిగ్రీల చలిలో ఆరేడు వారాలు గడిపితేనే పూతకొస్తుంది. వెచ్చని చోట్ల ఆ చలి దొరకదు. దొరికినా ఒక్క మొక్క చాలదు, తన పుప్పొడిని తనే తిరస్కరిస్తుంది. ఒకేసారి పూసే మొక్కలు ఎన్నో కావాలి, కిలోమీటరు దూరంలో కాలీఫ్లవర్, బ్రోకలీ ఏదీ పూతలో ఉండకూడదు. మొదలుపెట్టేవాళ్ళకు ఆవకూర తేలిక. జున్షియా ఆవ చాలావరకు తనతో తనే ఫలదీకరణ చెందుతుంది. ముల్లంగి కాయలు ఎండినా చిట్లవు, నలిపి గింజ తీయాలి. హైబ్రిడ్ ప్యాకెట్ మొక్క గింజలు దాచుకుంటే తల్లి లాంటి మొక్కలు రావు.

## తినేముందు

ఆవపిండిలో వేడినీళ్ళు పోస్తే ఘాటు రాలేదు. పిండి పాతదా?

కాకపోవచ్చు. గింజలో ఘాటు సిద్ధంగా ఉండదు. ఒక గదిలో గ్లూకోసినోలేట్ అనే గంధకపు పదార్థం, వేరే గదిలో మైరోసినేస్ అనే ఎంజైము ఉంటాయి. నూరి తడి తగిలితేనే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. మరుగుతున్న నీళ్ళు ఆ ఎంజైమును ముందే చంపేస్తాయి. చన్నీళ్ళతో కలిపి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. ఘాటు పూర్తిగా వచ్చాక పులుపు కలిపితే అది ఎక్కువసేపు నిలుస్తుంది, ముందే కలిపితే సరిగ్గా రాదు.

బ్రోకలీలోనూ ఇదే పని జరుగుతుంది. తరిగి అరగంట పైన వదిలి తర్వాత ఉడికిస్తే మేలైన పదార్థం సల్ఫొరాఫేన్ ఎక్కువ మిగులుతుంది. ఉడికాక చిటికెడు పచ్చి ఆవపొడి చల్లినా కొంత తిరిగి వస్తుంది.

క్యాబేజీ ఉడికిస్తే అంత వాసనేంటి?

ఉడికే కొద్దీ గంధకపు పదార్థాలు విడిపోతాయి. మూత తీసి, తక్కువసేపు ఉడికించండి.

థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఇవి మానేయాలా?

1928లో ఎక్కువగా క్యాబేజీ తిన్న కుందేళ్ళకు గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) రావడంతో ఈ అనుమానం మొదలైంది. అవి దాదాపు అదే తిని బతికిన జంతువులు. ఆహారంలో అయోడిన్ సరిపడా ఉండి, ఉడికించి మామూలు మోతాదులో తింటే చాలామందికి ఇబ్బంది ఉండదు. పచ్చివి రోజూ గ్లాసుల కొద్దీ రసం తాగే అలవాటుంటే మాత్రం డాక్టరును అడగండి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వాడేవాళ్ళు ఈ ఆకుకూరల్ని మానక్కర్లేదు కానీ, విటమిన్ కె ఎక్కువ కాబట్టి వారం వారం ఒకే మోతాదులో తినాలి.

సొంతంగా పండించిన ఆవాల్లో వేరే నల్ల గింజలు కలిశాయి. ప్రమాదమా?

ప్రమాదమే కావచ్చు. బలురక్కసి అనే ముళ్ళ కలుపు మొక్క గింజ ఆవగింజలాగే నల్లగా, కొంచెం పెద్దగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే ఆవగింజ దాదాపు నున్నగా కనిపిస్తుంది, దాని పైన మాత్రం గుంటల వల లోతుగా ఉంటుంది. ఆ గింజ నూనెలో సాంగ్వినరిన్ అనే విషం ఉంటుంది. ఆవనూనెలో కొద్దిపాటి కలిసినా కాళ్ళ వాపు, ఆయాసంతో గుండె మీదకు వస్తుంది. కోతకు ముందే మడిలో పసుపు పూల ముళ్ళ మొక్కల్ని పీకి బయట పారేయండి. గింజలో కలిశాక ఏరడం కంటే ఆ గింజల్ని తినకుండా, నూనె ఆడించకుండా వదిలేయడమే సరైనది.